మిల్లుకు, మండీకి, మందుల గోదాముకు: సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా

మిర్యాలగూడలో మిల్లు ఉన్నా, నల్గొండలో బత్తాయి వ్యాపారం చేస్తున్నా, జడ్చర్లలో మందుల డిస్ట్రిబ్యూషన్ నడుపుతున్నా, సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చే మనిషి చూపించే డెమో దాదాపు ఒకేలా ఉంటుంది. రంగుల డాష్‌బోర్డు, రెండు నిమిషాల్లో తయారయ్యే ఇన్‌వాయిస్, ఫోన్‌లో కనిపించే స్టాకు. అందులో అబద్ధమేమీ ఉండదు. అయితే ఆ డెమోలో సరుకు ఒక డబ్బాగా లోపలికి వచ్చి, అదే డబ్బాగా బయటికి వెళ్తుంది. మన దగ్గర సరుకు అంత బుద్ధిగా ఉండదు. వడ్లు తేమతో వచ్చి ఆరిన కొద్దీ బరువు తగ్గుతాయి. మరలో పడ్డాక బియ్యం, నూకలు, తవుడు, ఊకగా విడిపోతాయి. బత్తాయి బరువు తోటలో ఒకటి, ఢిల్లీ మార్కెట్‌లో మరొకటి. గద్వాలలో, పోచంపల్లిలో నూలుగా బయటికి పోయిన సరుకు కొన్ని వారాల తర్వాత చీరగా తిరిగొస్తుంది.

కాబట్టి ఏ కంపెనీ మంచిదని అడిగే ముందు ఒక పని చేయండి. మీ సరుకు ఎక్కడెక్కడ బరువు మారుతుంది, ఎక్కడ రూపు మారుతుంది, ఎక్కడ చేతులు మారుతుంది అనేది ఒక కాగితం మీద రాయండి. డబ్బు పోయేది ఆ చోట్లలోనే. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ చోట్లలోనే పరీక్షించాలి. ఇన్‌వాయిస్ కొట్టడం ఇప్పుడు అన్నిటికీ వచ్చు.

బియ్యం మిల్లు: అసలు పరీక్ష ఇక్కడే

ఒక లారీ వడ్లు గేటు దాటి వచ్చాయనుకుందాం. కాంటా మీద 250 క్వింటాళ్లు, తేమ 17 శాతం. వాటిని ఆరబెట్టి 14 శాతానికి తెస్తే మిగిలేది 241 క్వింటాళ్ల పైచిలుకు. అంటే దాదాపు 8.7 క్వింటాళ్లు ఆవిరైపోయాయి. 2025-26లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఒక్క లారీ మీదే తేడా 20 వేలు దాటుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో తేమ రాసే చోటు లేకపోతే నెలాఖరుకు పుస్తకంలో స్టాకు ఒకటి, గోదాములో స్టాకు మరొకటి అవుతుంది. అప్పుడు గుమస్తా మీద అనుమానమైనా పడతారు, లేదంటే స్టాక్ అడ్జస్ట్‌మెంట్ అని ఒక ఎంట్రీ కొట్టి సరిపెట్టుకుంటారు. రెండోది మరీ ప్రమాదం. ఆ ఎంట్రీ అలవాటైన మిల్లులో రేపు నిజంగానే బస్తాలు పోయినా ఎవరికీ తెలియదు.

రెండో చోటు మర. వంద కిలోల వడ్లు ఒక సరుకుగా లోపలికి పోయి నాలుగు సరుకులుగా బయటికొస్తాయి. బియ్యానికి ఒక ధర, నూకలకు ఒకటి, తవుడుకు ఒకటి. బాయిల్డ్ మిల్లులో ఊక చాలావరకు మీ బాయిలర్‌లోనే కాలుతుంది కాబట్టి దాన్ని అమ్మకంగా కాక సొంత వాడకంగా రాయాలి. ఒక సరుకు వేసి ఒక సరుకు తీసే పద్ధతి మాత్రమే ఉన్న సాఫ్ట్‌వేర్ మిల్లుకు పనికిరాదు. ఉప ఉత్పత్తులకు విడిగా ఖర్చు పంచే వీలుందా అని సూటిగా అడగండి.

మూడోది, మన జిల్లాల మిల్లర్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది, సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్), అంటే ప్రభుత్వ వడ్లు ఆడించి బియ్యం తిరిగి అప్పగించడం. ప్రభుత్వ వడ్లు మీ గోదాములో ఉన్నా అవి మీవి కావు. క్వింటాల్‌కు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. సొంతంగా కొన్న వడ్లు, సీఎంఆర్ వడ్లు ఒకే షెడ్డులో పక్కపక్కన పేర్చినా, లెక్కలో ఒక్క కిలో కూడా కలవకూడదు. ఏ కొనుగోలు కేంద్రం నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని ఏసీకేలు (బియ్యం అప్పగించే లాట్లు) పెట్టాం, ఇంకా ఎంత బాకీ అనేది అడిగిన నిమిషంలో తెరమీద కనిపించాలి. అధికారులు తనిఖీకి వచ్చిన రోజు కాగితాలు వెతుక్కునే టెన్షన్ ఎలా ఉంటుందో అనుభవించిన మిల్లరుకు వేరే చెప్పనక్కర్లేదు. బార్దాన్ లెక్క కూడా ఇందులోదే. కొత్త సంచులు ఎన్ని వచ్చాయి, వాడినవి ఎన్ని, చిరిగినవి ఎన్ని, తిరిగి ఎన్ని పోయాయి. సంచిని కూడా ఒక సరుకుగా రాసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఇంకొక్క మాట. కాంటా బరువును మనిషి చూసి టైపు చేసే పద్ధతి ఉన్నంతకాలం ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా లాభం తక్కువ. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి కేబుల్ ద్వారా బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలి, దాన్ని చేత్తో మార్చడానికి వీలుండకూడదు. డబ్బులు తక్కువుంటే మిగతావన్నీ వాయిదా వేసి ముందు ఇది పెట్టించుకోండి.

ఎదురుగా ఉన్న దారులు

మొదటిది ట్యాలీ, దాని పక్కనే బిజీ అనే మరో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ఎక్కడైనా అకౌంటెంటుకు ట్యాలీ వచ్చి ఉంటుంది, మీ సీఏ ఆఫీసులో కూడా అదే నడుస్తుంది. గుమస్తా రేపు మానేస్తే ఎల్లుండి ఇంకొకరు దొరుకుతారు. ఈ సౌకర్యాన్ని చిన్నగా చూడకండి. నెట్ లేకపోయినా లెక్కలు రాసుకోవచ్చు. చాలామంది ట్యాలీని పద్దులకే వాడతారు కానీ, గోదాముల వారీ స్టాకు, బ్యాచ్‌లు, ఉప ఉత్పత్తులతో కూడిన తయారీ ఎంట్రీ, బస్తాల్లోనూ కిలోల్లోనూ రెండు రకాల లెక్క అందులో ముందునుంచే ఉన్నాయి. ఇతరుల సరుకు మన దగ్గర ఉంటే దాన్ని వేరే గోదాముగా చూపే వీలు కూడా ఉంది. సీఎంఆర్‌కు పనికొచ్చేది అదే. కాబట్టి ఇప్పటికే ట్యాలీ ఉన్న మిల్లు కొత్తది కొనే ముందు, ఉన్నదాన్ని పూర్తిగా వాడుతున్నామా అని చూసుకోవాలి. నా అంచనాలో ఒక్క మిల్లు, ఒక్క ఆఫీసు ఉన్నవారిలో చాలామందికి ట్యాలీ, దానికి ఒక కాంటా ప్రోగ్రాం జోడిస్తే సరిపోతుంది.

ట్యాలీ ఇబ్బంది ఎక్కడంటే, మిల్లు మిర్యాలగూడలో, అమ్మకాల ఆఫీసు హైదరాబాద్‌లో, సేటు కారులో ఉన్నప్పుడు. సిల్వర్ లైసెన్సు ఒక కంప్యూటర్‌కు. గోల్డ్ తీసుకుంటే ఒకే ఆఫీసు నెట్‌వర్క్‌లో చాలామంది వాడొచ్చు. ఊళ్లు వేరైతే క్లౌడ్ సర్వర్ మీద పెట్టుకోవాలి, దానికి నెలనెలా అద్దె. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక ఎంట్రీ, ల్యాబ్‌లో తేమ చూసేవారు ఒక ఎంట్రీ, మేనేజరు ఆమోదం, ఇలా మెట్లు మెట్లుగా నడిపించాలన్నా దానికి అదనంగా పని చేయించుకోవాలి.

రెండోది మిల్లుల కోసమే తయారైన స్థానిక సాఫ్ట్‌వేర్. కాంటా, తేమ, తరుగు, హమాలీ, లారీ కిరాయి, బార్దాన్, అన్నీ మన మాటల్లోనే ఉంటాయి. మొదటి రోజు నుంచే గుమస్తా చేయి తిరుగుతుంది. డెమో చూస్తే అందరికీ ఇదే నచ్చుతుంది, నచ్చడంలో తప్పు లేదు. భయమల్లా దాని వెనక ఎంతమంది ఉన్నారనే. రాసిన మనిషి ఒక్కడే అయి, అతను వేరే ఉద్యోగానికి పోతే మీ రెండు సీజన్ల లెక్కలు అతని ల్యాప్‌టాప్‌తో పాటే పోతాయి. ఇలాంటిది తీసుకునేటప్పుడు అమ్మేవారు చెప్పిన మాట మీద కాకుండా, కనీసం ఒక వానాకాలం, ఒక యాసంగి దాంతో గడిపిన మిల్లుకు వెళ్లి, యజమానితో కాక అక్కడి గుమస్తాతో మాట్లాడండి. మొత్తం డేటా ఎక్సెల్‌లోకి దించి చూపించమనండి. చూపించలేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

మూడోది జోహో ఇన్వెంటరీ లాంటి క్లౌడ్ సాఫ్ట్‌వేర్లు. జోహో చెన్నై కంపెనీ, మన దేశంలోనే డేటా సెంటర్లు ఉన్నాయి. రెండు మూడు గోదాములు, ఆన్‌లైన్ ఆర్డర్లు, ఫోన్‌లో స్టాకు చూడటం వీటి బలం. ఒక షాపు పెట్టుకుని, సొంత వెబ్‌సైట్‌లోనూ అమెజాన్‌లోనూ చీరలు అమ్మే పోచంపల్లి వ్యాపారికి ట్యాలీ కన్నా ఇది హాయి. ఒకే చీర రెండు చోట్ల అమ్ముడుపోయే గొడవ తప్పుతుంది. మిల్లింగ్ లాంటి తయారీకి మాత్రం ఇరుకు. ప్లాన్‌ను బట్టి ఆర్డర్ల సంఖ్యకు, యూజర్లకు పరిమితి ఉంటుంది కాబట్టి పండుగ నెలలో మీ ఆర్డర్లు ఎన్నో చూసుకుని ప్లాన్ తీసుకోవాలి.

నాలుగోది ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ లాంటి, కొనుగోలు నుంచి ఖాతాల దాకా అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్లు. ఈఆర్‌పీనెక్స్ట్ ముంబై కంపెనీ ఫ్రాపే తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. యూజర్‌కు ఇంత అని లైసెన్సు కట్టే పని లేదు. జీఎస్టీ, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసే పత్రం), ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే ఇన్‌వాయిస్) కోసం ఇండియా కాంప్లయన్స్ అనే యాప్ దానికి జత చేసుకోవచ్చు. సరుకు దిగేటప్పుడే నాణ్యత పరీక్ష రాసే పద్ధతి అందులో ఉంది. తేమ, తాలు, రంగు మారిన గింజలు అన్నీ కొలిచి రాశాకే సరుకు స్టాకులోకి ఎక్కేలా పెట్టుకోవచ్చు. మిల్లుకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఉచితం అన్న మాట విని దిగకండి. సర్వర్, దాన్ని మీ పద్ధతికి అమర్చే మనిషి, తర్వాత వచ్చే మరమ్మతులు, అసలు ఖర్చంతా అక్కడే. ఓడూ బెల్జియం కంపెనీది. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే అయినా పూర్తి అకౌంటింగ్ డబ్బు కట్టే ఎడిషన్‌లో ఉంటుంది. కంప్యూటర్ల మీద పట్టున్న కొడుకో కూతురో వ్యాపారంలోకి వచ్చి, ఒక ఏడాది దీని మీద కూర్చుంటానంటే ఈ దారి చాలా మంచిది. అలాంటి మనిషి ఇంట్లో గానీ జీతానికి గానీ లేకపోతే వద్దు.

పెద్ద కంపెనీలు వాడే శాప్, ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ల సంగతి కొద్దిలో చెప్పుకోవచ్చు. నాలుగైదు ప్లాంట్లు ఉండి, వందల మంది పనిచేస్తూ, బయటి పెట్టుబడి ఉన్నవారికి అవి. చిన్న, మధ్య స్థాయి వారికోసం శాప్ బిజినెస్ వన్ ఉన్నా, ఒక్క మిల్లుకు అంత బరువు అక్కర్లేదు. వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకో పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలకో సరుకు సరఫరా చేసేవారు కూడా, ఆ కంపెనీ ఏది వాడుతుందో అదే కొనాలనుకోకండి. వారి పర్చేజ్ ఆర్డర్ నంబరు, ఐటెం కోడు మీ ఇన్‌వాయిస్ మీద సరిగ్గా పడితే బిల్లు ఆగదు.

మిగతా వ్యాపారాలకు

మందుల పంపిణీదారుకు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ప్రాణం. ముందు గడువు తీరే స్ట్రిప్పు ముందు బయటికి పోవాలి, పదికి ఒకటి ఫ్రీ స్కీములు వాటంతట అవే పడాలి, గడువు తీరిన సరుకు కంపెనీకి తిప్పి పంపిన లెక్క పోకూడదు. ఈ రంగంలో మార్గ్ అనే సాఫ్ట్‌వేర్ పాత పేరు. మందుల షాపుల్లో పనిచేసిన పిల్లలకు అది తెలిసే ఉంటుంది. ఇక్కడ నేను వేరే దారి చెప్పను.

బత్తాయి వ్యాపారికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లోడైన సరుకును తోట దగ్గరే ఫోన్‌లో రాసుకుని, రైతుకు అక్కడే చిట్టీ ఇవ్వగలగాలి. వ్యాపార్ లాంటి ఫోన్ యాప్ సరిపోతుంది. ఒక్క కోరిక మాత్రం ఉంది. తరుగు, సూట్ అంటూ తీసే బరువును మొత్తం బరువులో కలిపేసి చూపించకుండా, ఆ చిట్టీ మీద విడి గీతగా రాయండి. అది రైతు హక్కు. పైగా ఢిల్లీలో దిగిన బరువుతో పోల్చుకున్నప్పుడు నష్టం తోట దగ్గర జరిగిందా దారిలో జరిగిందా అన్నది మీకే తేలిపోతుంది.

గద్వాల పత్తి విత్తనాల వారి అవసరం పూర్తిగా వేరు. ఒక లాటు మొలక పరీక్షలో గానీ జన్యు స్వచ్ఛత పరీక్షలో గానీ పోతే, అది ఏ ఆర్గనైజరు ద్వారా, ఏ రైతు పొలం నుంచి వచ్చిందో వెంటనే పట్టుకోగలగాలి. రైతు డబ్బులు ఆ ఫలితం మీదే ఆగుతాయి. లాటు నుంచి రైతు దాకా వెనక్కి వెళ్లే రిపోర్టు ఒక్క నొక్కులో రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

మగ్గాలకు నూలు, పట్టు ఇచ్చి చీరలు నేయించే వారికి జాబ్‌వర్క్ లెక్క కావాలి. ఎవరికి ఎన్ని గ్రాములు ఇచ్చాం, ఎన్ని చీరలు వచ్చాయి, ఎంత మిగిలింది. జీఎస్టీ కింద జాబ్‌వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి. గడువు దగ్గరపడిన చలాన్లను గుర్తుచేసే ఏర్పాటు ఉంటే మంచిది.

పన్ను వైపు చూడాల్సినవి

ఈ-వే బిల్లు పరిమితి 50 వేల రూపాయలు. తెలంగాణ లోపల తిరిగే సరుకుకు కూడా 2018 ఏప్రిల్ 15 నుంచి ఇది ఉంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. జడ్చర్ల నుంచి బెంగళూరుకు సుమారు 490 కిలోమీటర్లు కాబట్టి మూడు రోజులు వస్తాయి. లారీ మధ్యలో చెడిపోతే వేరే బండి నంబరు మార్చడం సాఫ్ట్‌వేర్ నుంచే అవుతుందా, పోర్టల్‌లోకి వెళ్లాలా అనేది డెమోలోనే చేసి చూపించమనండి. తాజా పండ్లకు పన్ను లేదు, వాటికి ఈ-వే బిల్లు అక్కర్లేదు. అన్ని బిల్లులకూ ఈ-వే అడిగే సాఫ్ట్‌వేర్‌తో బత్తాయి వ్యాపారి విసిగిపోతాడు.

టర్నోవర్ 5 కోట్లు దాటిన వారికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. మిల్లర్లు పొరపడేది ఇక్కడే. ఆ 5 కోట్లలో పన్ను లేని అమ్మకాలు కూడా కలుస్తాయి. విడి బియ్యం అమ్మకమే ఎక్కువ, పన్ను పడేది కొంచెమే అనుకుని ఊరుకోవడానికి లేదు. ఆ కొంచెం సరుకును జీఎస్టీ నంబరున్న వ్యాపారికి అమ్మినా ఈ-ఇన్‌వాయిస్ కావాలి. టర్నోవర్ 10 కోట్లు, ఆ పైన ఉన్నవారు ఇన్‌వాయిస్‌ను 30 రోజుల్లోపే పోర్టల్‌కు పంపాలి, ఆలస్యమైతే తీసుకోదు. ఇది 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యం బస్తాకు 5 శాతం జీఎస్టీ ఉంది. 26 కిలోల బస్తాకు లేదు. అవే సన్నబియ్యం, అదే బ్రాండు, కానీ సాఫ్ట్‌వేర్‌లో ఇవి రెండు వేర్వేరు ఐటెంలుగా ఉండాలి. గుమస్తా తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి నొక్కకుండా పేర్లలోనే తేడా తెలిసేలా పెట్టుకోండి.

అమ్మేవారి సత్తా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న ఉంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగింది, మందుల్లో చాలావాటికి 12 నుంచి 5కు వచ్చింది. ఆ రోజు మీ అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది, పాత స్టాకు ధరలు ఎలా మార్చారు అని అడగండి. అప్పుడు కస్టమర్లకు అండగా నిలిచినవారు వివరంగా చెబుతారు.

కంపెనీగా రిజిస్టరైన వ్యాపారాలకు ఇంకో నిబంధన ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రికార్డు చేసి ఉంచే సాఫ్ట్‌వేరే వాడాలి. పార్ట్‌నర్‌షిప్ మిల్లులకు ఈ చట్టం వర్తించదు. అయినా ఆ సౌకర్యం ఆన్ చేసి పెట్టుకోవడం మేలు. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి నడిపే చోట లెక్క మారిందని వచ్చే మాటపట్టింపులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

కరెంటు, నెట్, గుమస్తా

మిల్లు ఊరి బయట, కాలువ పక్కన ఉంటుంది. వానాకాలంలో నెట్ పోయిందంటే గంటలు పడుతుంది. గేటు దగ్గర, కాంటా దగ్గర నెట్ లేకపోయినా నడిచే ఏర్పాటు తప్పనిసరి. ఎంట్రీలు అక్కడ నిల్వ ఉండి, నెట్ వచ్చాక పైకి పోవాలి. డెమో రోజున వైఫై ఆపేసి చూడండి. పూర్తిగా క్లౌడ్ మీదే నడిచేది నచ్చితే వేర్వేరు కంపెనీల రెండు నెట్ కనెక్షన్లు, కాంటా గదికి ఇన్వర్టరు ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవాలి.

గుమస్తాను ఎంపికలో కూర్చోబెట్టండి. రోజుకు ఎనభై, వంద ఎంట్రీలు కొట్టేది ఆయనే. ఆయనకు నచ్చనిది మీకు ఎంత నచ్చినా మూడో నెలలో మళ్లీ నోటుబుక్కు బయటికి వస్తుంది. మీ సీజన్‌లో అందరికన్నా రద్దీగా గడిచిన ఒక రోజు రిజిస్టరు తీసి, ఆ రోజు ఎంట్రీలన్నీ ఆయన చేతనే కొట్టించండి. తిరిగొచ్చిన సరుకు, చిరిగిన సంచులు, ఉద్దెర మీద పోయిన తవుడు, రెండుసార్లు కాంటా పెట్టిన లారీ, ఏదీ వదలొద్దు. అమ్మేవారి మనిషి పక్కన కూర్చుని చూడొచ్చు కానీ మౌస్ ముట్టుకోకూడదు.

ధర, ఒప్పందం, మొదలుపెట్టే రోజు

ధరను మూడేళ్లకు లెక్కేయండి. లైసెన్సు లేదా నెలవారీ చందా, ఏటా కట్టే ఏఎంసీ (నిర్వహణ రుసుము), అమర్చే ఖర్చు, శిక్షణ, క్లౌడ్ అద్దె, కేబుళ్లు, ప్రింటర్లు. చందా మొదట తక్కువగా కనిపించినా యూజర్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. మీ పద్ధతికి ఏమేం మారుస్తామన్నారో ఒప్పందంలో ఒక్కొక్కటీ రాయించుకుని, అవి పనిచేసినప్పుడు విడతలుగా ఇవ్వండి. డేటా మీది అన్న మాట, ఒప్పందం ముగిస్తే ఎన్ని రోజుల్లో ఏ రూపంలో తిరిగి ఇస్తారన్నది రాతలో ఉండాలి. నెలకోసారి మొత్తం డేటా ఎక్సెల్‌లోకి దించి మీ సొంత హార్డ్‌డిస్కులో పెట్టుకోండి.

ఏప్రిల్ 1న మొదలుపెడదాం అని సీఏ అంటారు. ఖాతాల వరకు అది సబబే. కానీ మిల్లుకు ఏప్రిల్ అంటే యాసంగి వడ్లు గేటు ముందు బారులు తీరే నెల. అప్పుడు కొత్త తెర ముందు గుమస్తాను కూర్చోబెడితే ఆయనకూ మీకూ నరకం. ఆగస్టు, సెప్టెంబరు మంచి సమయం. యాసంగి వడ్లు చాలావరకు మరలో పడిపోయి ఉంటాయి, వానాకాలం పంట ఇంకా పొలంలోనే ఉంటుంది, గోదాములో బస్తాలు లెక్కపెట్టడం సులువు. ఒక ఆదివారం మర ఆపి, గోదాముల్లో ఉన్న ప్రతి బస్తా, ప్రతి సంచి కళ్లారా లెక్కపెట్టి, ఆ సంఖ్యనే ఓపెనింగ్ స్టాకుగా పెట్టండి. పాత పుస్తకంలో ఉన్న సంఖ్యను ఎత్తి కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేయకండి. వేస్తే పాత తేడాలన్నీ అందులోకి వచ్చేస్తాయి, ఆ తర్వాత కనిపించే ప్రతి తేడా పాతదో కొత్తదో ఎవరూ చెప్పలేరు.

వానాకాలం కొనుగోళ్లు పూర్తయ్యేదాకా గేటు రిజిస్టరును చేత్తో రాయడం ఆపవద్దు. మిగతా పుస్తకాలు నెల తర్వాత మూసేసినా ఫర్వాలేదు. వారానికోసారి గేటు రిజిస్టరులోని లారీల సంఖ్య, సాఫ్ట్‌వేర్‌లోని లారీల సంఖ్య, కాంటా చిట్టీల సంఖ్య మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వస్తే ఆ వారమే తేల్చండి. లారీ డ్రైవరు ఫోన్ నంబరు అప్పటికి ఇంకా చిట్టీ మీద ఉంటుంది.